కొత్త కానిస్టేబులుకు ఊరు చెప్పే తప్పు సలహాలు

తెల్లవారుజామున నాలుగున్నరకు ముక్తేశ్వరం రేవు దగ్గర ఏటిగట్టు మీద పిల్లలు పరుగు మొదలుపెడతారు. అవతల కోటిపల్లి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి, మొదటి పంటు కదిలి ఉండదు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు. కానిస్టేబులు కావాలంటే ఒంటితో నెగ్గాల్సిన లెక్కలివి. నేను వాచీ పట్టుకుని గట్టు మీద కూర్చుంటాను. ముప్ఫై నాలుగేళ్లు ఖాకీ తొడిగి హెడ్ కానిస్టేబులుగా దిగిపోయినవాణ్ణి. పిల్లలు నన్ను బాబాయ్‌గారూ అంటారు. టైము చెప్పడం వరకే వాళ్లకు నాతో పని.

2022 నవంబరులో 6,100 పోస్టులకు ప్రకటన వస్తే ఫలితాలు 2025లో గానీ రాలేదు. అన్నాళ్లూ గట్టు మీద పరిగెత్తినవాళ్లలో ఒకడికి ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెరిచి ఉంది. చుట్టాలు, ఇరుగుపొరుగు, పార్టీల్లో తిరిగే ఒకాయన, మిలిటరీలో చేసి వచ్చిన వాడి మేనమామ, అందరూ కుర్రాడి చుట్టూ చేరి సలహాలు చెబుతున్నారు. ఒక్కటీ సరైనది లేదు. పండగలాంటి పూట ఎందుకులే అని నేను నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు చెప్పిన సలహాలవే. ఆ తర్వాత నా చేతికింద చేరిన కుర్రాళ్లకు నేను చెప్పినవీ అవే. అందుకే వాటిని గుర్తున్నంతవరకు రాసి, ఏది ఎందుకు తప్పో కూడా రాస్తున్నాను. పోలీసులోకో సైన్యంలోకో బిడ్డను పంపుతున్న ఇంట్లో ఎవరైనా చదివి వినిపిస్తే చాలు.

ముందు మేనమామ మాట. "ఆర్డరంటే ఆర్డరే అల్లుడూ. ఎందుకు, ఏమిటి అని అడిగేవాడు యూనిఫారానికి పనికిరాడు."

అన్నిటికంటే పాత సలహా ఇది. ఎదురు చెప్పడానికి మొహమాటపడే సలహా కూడా. ఆయన సరిహద్దులో మంచులో కాపలా కాసి వచ్చిన మనిషి, ఆయన మాట తేలిగ్గా తీసెయ్యడానికి నాకు మనసొప్పదు. అయితే ఆయన ఉద్యోగం చేసిన చట్టంలోనే ఒక మాట ఉంది, దాన్ని ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. 1950 సైనిక చట్టం 41వ సెక్షన్ పై అధికారి ఆజ్ఞను ధిక్కరించినవాడికి శిక్ష చెబుతుంది. ఏ ఆజ్ఞను? చట్టబద్ధమైన ఆజ్ఞను. పోలీసులకు పునాది అయిన 1861 చట్టాన్ని తీసుకోండి. 1857లో సిపాయిల తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లదొరలు, జనాన్ని అదుపులో పెట్టుకోవడానికి రాసుకున్న చట్టమది. దాని 23వ సెక్షన్ కూడా, చట్టబద్ధంగా జారీ అయిన ఆజ్ఞలను వెంటనే పాటించడం పోలీసు విధి అంటుంది. దొరలు కూడా తియ్యలేకపోయిన ఆ ఒక్క మాటను మనం నోటితో తీసేసి పిల్లలకు చెబుతున్నాం.

మా బారక్‌లో ఇంకొకటి చెప్పుకునేవాళ్లం. గుంపు మీద కాల్చమని పై అధికారి అంటే కాల్చిన సైనికుడిది నేరం కాదని శిక్షాస్మృతిలోనే ఉదాహరణగా రాసి ఉందని. నిజమే, ఉంది. పాత ఐపీసీలో 76వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 14వ సెక్షన్. మేము సగమే చెప్పుకునేవాళ్లం. ఆ ఆజ్ఞ చట్టం చెప్పినదానికి లోబడి ఉండాలన్న మిగతా సగం కూడా ఆ వాక్యంలోనే ఉంది. గుంపును చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిచినప్పుడు సైతం, వీలైనంత తక్కువ బలం వాడాలి, మనుషులకూ ఆస్తులకూ వీలైనంత తక్కువ హాని చెయ్యాలి అని చట్టం చెబుతుంది.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1945, 46ల్లో న్యూరెంబర్గ్‌లో జర్మన్ నాయకులనూ సేనానులనూ బోనెక్కించినప్పుడు, పైనుంచి చెప్పారు చేశాం అన్న జవాబు వాళ్లను విడిపించలేదు. అది ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోకండి. 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ న్యూరెంబర్గ్ పేరే ఎత్తి, బూటకపు ఎన్‌కౌంటర్ చేసిన పోలీసు పై అధికారి ఆజ్ఞ అని చెప్పుకుని తప్పించుకోలేడని తేల్చింది.

ఇదంతా కోర్టు గొడవ అనుకునేవాళ్లకు సుందరకాండ చెబుతాను. హనుమంతుణ్ణి చంపెయ్యమన్నాడు రావణుడు. లంకలో అంతకు మించిన ఆర్డరు లేదు. విభీషణుడు లేచి, దూతను చంపడం రాజధర్మం ఒప్పుకోదు, వేరే దండన ఏదైనా వెయ్యమన్నాడు. ఇంకా అన్నను వదిలి వెళ్లలేదు, తిరుగుబాటు చెయ్యలేదు, కొలువులో ఉండే మర్యాద తప్పకుండా మాట్లాడాడు. రావణుడంతటివాడు ఆర్డరు మార్చాడు. నియమం ఎత్తి చూపి అడిగితే మారే ఆర్డర్లు నేను చూసిన స్టేషన్లలోనూ ఉన్నాయి. అడగకపోవడం వల్ల మారనివి అంతకు పదింతలు.

అసలు ప్రశ్న వెయ్యకుండా చెయ్యాల్సిన పనే ఉండదా? ఉంటుంది. 1986 ఆగస్టులో గోదావరి వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను ఉద్యోగంలో చేరి ఏడాది. అర్ధరాత్రి ఎస్సైగారు "పడవెక్కండి" అన్నారు. ఏ లంకకి, ఎంతమందిని తేవాలి, తిరిగి రావడమెలా అని ఎవరం అడగలేదు. లంకలో ఒక మామ్మ పాడిగేదెను వదిలి రానని పాక గుంజను వాటేసుకుంది. ఆవిడ చేతులు విడదీసి, భుజాన వేసుకుని మొలలోతు నీళ్లలో నడిచాను. పడవలో దింపేదాకా నా వీపు మీద గుద్దుతూనే ఉంది. తెల్లారేసరికి ఆ పాక చూరు కూడా కనపడలేదు. ఆ రాత్రి నేను ఎందుకండీ అని నిలబడి ఉంటే ఆ మామ్మ లేదు. 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమ కొబ్బరంతా నేలకొరిగినప్పుడూ అంతే, ఆర్డరు చెవిన పడేసరికి కాలు కదలాలి, కదిలింది. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే రాత్రులవే.

చిక్కు ఎక్కడంటే, ఒంటికి పట్టిన అలవాటు వరదకు వేరే, లాకప్‌కు వేరే అని విడిగా పట్టదు.

వరద వెళ్లిన రెండేళ్లకు. ఏ స్టేషనో చెప్పను. ఒక రైతు తోటలో రాశి పోసిన కొబ్బరికాయలు ఐదువందల దాకా రాత్రికి రాత్రే పోయాయి. దింపు తీసే కుర్రాణ్ణొకణ్ణి అనుమానం మీద పట్టుకొచ్చారు. ఇరవై ఏళ్లుంటాయి. చెట్టెక్కేటప్పుడు కాళ్లకు తగిలించుకునే తాడు ఇంకా భుజం మీదే ఉంది. అధికారి కుర్చీలోంచి లేవకుండానే నా వైపు చూసి "పాదాలు చూడు" అన్నాడు. అంతే ఆర్డరు. రెండు మాటలు.

చూశాను. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి అరికాళ్ల మీద లాఠీతో. ఆ అరికాళ్లు చెట్టు మొద్దుకు రాసుకుని రాసుకుని కాయలు కట్టి ఉన్నాయి. పగుళ్లలో పీచు ఇరుక్కుని ఉంది. మొదటి దెబ్బలకు చెక్క మీద కొట్టినట్టు చప్పుడొచ్చింది. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడింది. నాకది తెలిసింది, ఆగలేదు. ఆగమని ఎవరూ అనలేదు కాబట్టి ఆగలేదు.

మూడోరోజు కాయల ఆచూకీ దొరికింది. రైతు చుట్టమే ఒకడు వేరే ఊళ్లో అమ్ముకున్నాడు. కుర్రాణ్ణి పొమ్మన్నారు. గోడ పట్టుకుని వెళ్లాడు. ఎఫ్‌ఐఆర్ లేదు, అరెస్టు లేదు, జనరల్ డైరీలో పేరు లేదు. కాగితం ప్రకారం అతను ఆ స్టేషన్ గడప తొక్కనేలేదు.

ఆ అరుగు మీద విన్న రెండో సలహా దీనికి సంబంధించిందే. పోలీసుశాఖలోనే చేసిన ఒక పెద్దాయన చెప్పాడు. "రాతకోతల జోలికి పోకు బాబూ. నోటితో చెప్పింది నోటితోనే పోతుంది. కాగితం మీద పడితేనే మెడకు చుట్టుకుంటుంది."

నా అనుభవంలో కుర్రాళ్లను ముంచిన సలహా ఇదే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఉంటాను. స్టేషన్‌లో జనరల్ డైరీ ఉంటుంది, జీడీ అంటాం. ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు, ఎవరు ఏ డ్యూటీకి బయల్దేరారు, ఎవరిని తీసుకొచ్చారు, అన్నీ టైముతో సహా అందులో పడాలి. సక్రమమైన ఆర్డరుకు అందులో చోటుంటుంది. పడవెక్కమన్న ఆర్డరు రాయొచ్చు: టైమింత, పడవ ఫలానాది, వెళ్లినవాళ్లు ఫలానావాళ్లు. పాదాలు చూడమన్న ఆర్డరు ఏమని రాస్తారు? ఏ అధికారీ రాయనివ్వడు. రాయనివ్వడని తెలిశాక అది ఎలాంటి ఆర్డరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజు నేను ఎదురుతిరగక్కర్లేదు. ధర్మపన్నాలు చెప్పక్కర్లేదు. ఎటెన్షన్‌లో నిలబడి, గొంతు పెంచకుండా, "సార్, జీడీలో ఏమని రాయమంటారు?" అని అడిగితే సరిపోయేది. ఇది ధిక్కారం కాదు, డ్యూటీ. ఏ రూలు కింద దీన్ని తప్పుపడతారు? నా సర్వీసు చివరి పన్నెండేళ్లలో ఈ ప్రశ్న నాలుగైదుసార్లు అడిగాను. రెండుసార్లు తిట్లు తిన్నాను. ఒకసారి నెల తిరక్కుండా బదిలీ అయ్యాను. అడిగిన ప్రతిసారీ మాత్రం ఎదుటి అధికారి ఒక్క నిమిషం ఆగాడు. ఆ నిమిషంలో కోపం దిగి, "సర్లే, నోటీసిచ్చి పంపెయ్" అన్నవాళ్లున్నారు.

నేను ఆ దెబ్బలు కొట్టిన రోజుల్లో అడగడానికి చేతిలో అంత పట్టు ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలు చూడండి: అరెస్టుకు మెమో, దాని మీద సాక్షి సంతకం, ఇంటివాళ్లకు కబురు, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి వైద్యపరీక్ష. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం ఎప్పటినుంచో చెబుతోంది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు పెట్టమంది. కొత్తగా చేరే కుర్రాడు వీటిని పరీక్ష కోసం బట్టీపట్టే ఉంటాడు. పరీక్ష అయ్యాకే వాటితో అసలు పని.

అదే 2020 జూలైలో మన ఉమ్మడి తూర్పుగోదావరిలోనే, సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించారు. ఇసుక లారీల విషయంలో జరిగిన గొడవ దానికి మూలం. దేశమంతా మారుమోగింది. ఎస్సై సస్పెండై అరెస్టయ్యాడు. ఆయనతో పాటు ఇద్దరు కానిస్టేబుళ్లూ సస్పెండయ్యారు. నోటితో చెప్పింది నోటితోనే పోతుందన్న పెద్దాయన ఆ ఇద్దరి గురించి ఏమంటారో అడగాలనుంది. స్వాతంత్ర్యపోరాటంలో గౌతమీ సత్యాగ్రహాశ్రమం ఉన్న ఊరు ఆ సీతానగరం.

"నలుగురితో పాటు నువ్వూ. ఒక్కడివే ఏం చెయ్యకు, ఒక్కడివే ఏం మానకు." ఇది కుర్రాడి బాబాయి మాట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు వాడపల్లి గుర్తొస్తుంది.

ఇప్పుడు ఏడు శనివారాల మొక్కు తీర్చుకోవడానికి వేలమంది వెళ్లే వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి ముందే, 1931 మార్చి 30న, రథోత్సవంలో పోలీసులు కాల్పులు జరిపారు. గాంధీ ఇర్విన్ ఒడంబడిక కుదిరి అప్పటికి నెల తిరగలేదు. జనం రథం మీద గాంధీ పటం పెట్టారు. తీసెయ్యమన్నారు పోలీసులు, తీసేది లేదని తెగేసి చెప్పారు జనం. నలుగురు చనిపోయారు. పోలీసులను నడిపించిన డీఎస్పీ ముస్తఫా అలీ ఖాన్ పేరు స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మిగిలింది. ట్రిగ్గరు నొక్కిన వేళ్లు ఎవరివో మనమెవరం చెప్పుకోం. వాళ్లలో చాలామంది మన భాష మాట్లాడేవాళ్లే, మన తీర్థాలకు పిల్లల్ని భుజానెక్కించుకుని వెళ్లేవాళ్లే అయివుంటారు. రథాన్ని చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టే అలవాటున్న మనిషి రథం చుట్టూ ఉన్న జనం మీద కాల్చాడంటే, అతన్ని కాల్చేలా చేసింది పక్కవాడు కూడా కాలుస్తున్నాడన్న ధైర్యమేనని నాకనిపిస్తుంది. నాకు తెలుసు ఆ ధైర్యం.

అంతకు మూడేళ్ల ముందు, అదే మద్రాసు రాజధానిలో, 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వచ్చినప్పుడు టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకులకు ఎదురుగా రొమ్ము విప్పి నిలబడ్డారు. ప్రతి తెలుగు బడిలోనూ చెప్పే కథే. పంతులుగారి రొమ్ము గురించి చెబుతాం, తుపాకీ పట్టుకున్నవాడి గురించి చెప్పం. అతనూ ఆర్డరు మీద నిలబడ్డవాడే. అతను కాల్చలేదు, దారిచ్చాడు. ఆంధ్రకేసరి మనకు మిగలడంలో ఆ పేరు తెలియని మనిషి చూపుడువేలికి కూడా వాటా ఉంది. పోలీసు శిక్షణలో ఆ కథను అతని వైపునుంచి చెప్పాలని నా కోరిక.

కుర్రాడి అమ్మ చెప్పిన సలహా ఒకటుంది. "ముందు వరసలో నిలబడకు నాన్నా." దాన్ని తప్పనడానికి నోరు రాదు. ఒక్కటే చెబుతాను. నేను చూసిన లాఠీచార్జీల్లో, కింద పడ్డవాణ్ణి కొట్టేది ఎక్కువగా వెనకనుంచి వచ్చినవాడే. ముందేం జరుగుతోందో వాడికి కనపడదు, భయం మాత్రం కనపడుతుంది.

పార్టీల్లో తిరిగే ఆయన చెవిలో చెప్పినట్టు చెప్పాడుగానీ అందరికీ వినపడింది. "అందరి మీదా ఒకేలా పోవద్దు. మనవాళ్లెవరో చూసుకో." ఆర్డరును ప్రశ్నించమనే సలహాయే ఇది కూడా, అయితే కులం కొలబద్దతో. గుడ్డిగా వినడం ఎంత చెడ్డదో ఇదీ అంతే చెడ్డది, కోనసీమలో ఉన్నవాళ్లం దీన్ని కళ్లారా చూశాం.

2022 మే 24. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో అల్లర్లు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి, బస్సులు కాలాయి, రాళ్లవానలో ఎస్పీతో సహా పోలీసులు గాయపడ్డారు. నాతో పనిచేసిన కుర్రాడొకడు ఆ రోజు వరసలో ఉన్నాడు. చెవి పక్కన రాయి తగిలి నెత్తురు కారుతుంటే ఫోను మోగిందట. సొంత చుట్టం. "మనవాళ్లకి అడ్డంగా నిలబడతావేంట్రా?" అన్నాడట. కుర్రాడు ఫోను జేబులో పెట్టేసి అక్కడే ఉన్నాడు. పోలీసులు గాల్లోకి కాల్చారు, జనం మీదికి కాల్చలేదు. ఇళ్లు కాలాయి, ప్రాణం పోలేదు. చేతిలో తుపాకీ ఉండి, ఒంటి మీద నెత్తురు ఉండి, ఎదుట తెలిసిన మొహాలు ఉండి, జనం మీదికి గురిపెట్టకుండా వరస చెదరకుండా నిలబడ్డారంటే, ఆ వరసలో ఉన్న ప్రతివాడూ తలతో పనిచేశాడన్నమాటే. ఆ సాయంత్రం పోలీసులు ఇళ్లను కాపాడలేకపోయారన్న నింద మోశారు. నింద న్యాయమైనదే, దాని మీద విచారణలూ జరగాల్సిందే. ప్రాణాలు దక్కించారన్న మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి, నేను చెబుతున్నాను.

పక్కింటి కుర్రాడు, అంటే ఉద్యోగం వచ్చినవాడి ఈడువాడే, ఫోన్‌లో ఏదో వీడియో చూపిస్తూ అన్నాడు. "ఏసేస్తే పీడాపోద్దిరా. జనం పూలు జల్లుతారు." అరుగంతా ఔనంది. నేనూ ఆడపిల్లల తండ్రినే. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక వైద్యురాలి మీద జరిగిన అఘాయిత్యం గురించి విన్న రాత్రి నేను అన్నం తినలేకపోయాను. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చేశారని తెలిసినప్పుడు మా వీధిలో మిఠాయిలు పంచారు. అక్కడ పోలీసుల మీద నిజంగానే పూలు జల్లారు. తర్వాతేమైందో పూలు జల్లినవాళ్లు చదవలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే 20న బయటికొచ్చింది. ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, చంపాలనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించమని సిఫార్సు చేసింది. ఐపీసీ 76వ సెక్షన్ రక్షణ కూడా వాళ్లలో కాల్చినవాళ్లకు దొరకదని చెప్పింది. నేను పైన రాసిన సెక్షనే అది, బారక్‌లో మేము సగమే చెప్పుకున్నది. కోర్టుల్లో ఆ కేసు ఎటు తేలినా, ఆ పదిమంది ఇళ్లలో ఆ రోజునుంచి నిద్ర ఎలా ఉంటుందో ఊహించండి. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఆ నలుగురూ నేరం చేశారా లేదా అని ఏ కోర్టూ విచారించలేదు, ఇక విచారించదు. కొబ్బరికాయలు పోయినప్పుడు మా స్టేషన్‌లో అందరికీ అతనే దొంగ. మూడోరోజుదాకా.

చివరిది, అందరూ కలిసి చెప్పింది. "ప్రశ్నలేస్తే ఉద్యోగం పోద్ది."

అబద్ధం చెప్పను. బాధలుంటాయి. మెమోలు వస్తాయి, ఇంక్రిమెంటు ఆగుతుంది, పిల్లల బడి మధ్యలో బదిలీ అవుతుంది. పోలీసులకు ఇష్టమొచ్చినట్టు సంఘం పెట్టుకునే వీలు లేకుండా 1966 చట్టం ఒకటి ఉంది. అయినా ఉద్యోగం తియ్యడం అంత తేలిక కాదు. విచారణ జరపకుండా, నీ వాదన వినకుండా మామూలుగా డిస్మిస్ చెయ్యడానికి రాజ్యాంగం 311వ అధికరణం ఒప్పుకోదు. విచారణలో మొదట అడిగేది ఆర్డరేమిటనే. చెప్పుకోలేని ఆర్డరిచ్చిన అధికారి ఆ విచారణ దాకా రాడు, వేరే దారిలో సతాయిస్తాడు. ఓర్చుకోవాలి.

నిజంగా పెద్ద మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. వాడపల్లికి పదకొండు నెలల ముందు, 1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధులైన పఠానుల మీద కాల్చమన్నప్పుడు, గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన జవాన్లు కాల్చలేదు. గఢ్వాల్ కొండల హిందువులు, ఎదుట ఉన్నది ముస్లింలు, ఆర్డరిచ్చింది ఇంగ్లీషు దొర. ఆయనకు యావజ్జీవం వేశారు. 1941 దాకా జైల్లో ఉన్నాడు. వేరే దళాలను దింపి ఆ రోజు కాల్పులు జరిపించారు కాబట్టి ప్రాణాలు పోవడమూ ఆగలేదు. మరి ఆయన మానడం వల్ల ఒరిగిందేమిటని మేనమామగారు అడుగుతారు. చచ్చినవాళ్లలో ఒక్కడూ ఆయన తూటాకు చావలేదు. నాకైతే అది చిన్న లెక్కగా తోచదు. సాటి మనిషి పాదాలను పాడుచేసి, ఆ సంగతి తెలిసి బతికినవాడికి అది ఎంత పెద్ద లెక్కో తెలుస్తుంది.

కుర్రాడు ట్రైనింగుకు వెళ్లే ముందు రోజు గట్టు మీదికి వచ్చాడు. వాడికి ఇదంతా చెప్పలేదు, జీడీ ప్రశ్న ఒక్కటి చెప్పాను. వరదలో అడగొద్దన్నాను, లాకప్‌లో అడగకుండా ఉండొద్దన్నాను. అడిగేటప్పుడు సార్ అనడం మానొద్దన్నాను. వాడు తలూపి, "అడిగితే కొడతారా బాబాయ్‌గారూ?" అన్నాడు. కొట్టరు, తిడతారు అన్నాను. తల్లులారా, తండ్రులారా, మీ పిల్లాడు బదిలీ అయి మూటాముల్లెతో ఇంటికొచ్చినప్పుడు ఎందుకడిగావురా అని మాత్రం అనకండి. వాడికి పైనుంచి వచ్చేది చాలు.

ఆ దింపు కుర్రాడు అరవైకి దగ్గర పడుతున్నాడు. నేను రిటైరయ్యాక వెతుక్కుంటూ వెళ్లాను. ఒక కొబ్బరి కొట్టులో కాయలు వలుస్తున్నాడు. నా పేరు, స్టేషన్ పేరు చెప్పుకున్నాను. "తెలుసండి" అన్నాడు. వలవడం ఆపలేదు. మళ్లీ చెట్టెక్కలేదని కొట్టు యజమాని చెప్పాడు.